ఎనభై అయిదు అంగుళాల అట్టముక్క

నేను ఒక టీవీని. కాకినాడలోని ఒక అపార్ట్‌మెంట్లో జనమంతా కొన్నాళ్ళు అలాగే అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేను ఒక అట్టముక్కని. పుట్టింది ఫ్రిజ్ పెట్టెగా. ఫ్రిజ్ తన దారిన ఎవరింటికో వెళ్ళిపోయాక, వానకి తడుస్తానో, ఆవు నోట పడతానో అనుకుంటూ దుకాణం వెనక గోడకి చేరగిలబడి ఉండగా ఉదయభాస్కరం గారు వచ్చారు.

ఆయనకి లోకంలో ఒక్కటే బాధ. పై అంతస్తు పరాంకుశం గారింట్లో అరవై అయిదు అంగుళాల టీవీ ఉంది. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ఆ పెద్దమనిషి, "మా దాంట్లో బంతి మీద కుట్లు కూడా కనబడతాయండి" అంటాడు. ఆ మాటకి జవాబుగా భాస్కరం గారు ఎనభై అయిదు అంగుళాలది కొందామనుకున్నారు. అంత టీవీ తమ గోడకి నప్పుతుందో లేదో చూసుకోవడానికి నన్ను కొలిచి కోయించారు. నడుం దగ్గర మడిచి, చంకలో పెట్టుకుని మెట్లెక్కించారు. నల్ల కాగితం అంటించి హాలు గోడకి తగిలించారు.

ఆ తర్వాత సోఫా వెనక్కి జరిపి చూశారు, ముందుకి జరిపి చూశారు, నేల మీద పడుకుని కూడా చూశారు. నన్నంత శ్రద్ధగా అంతకుముందు ఎవరూ చూడలేదు. నాకు సిగ్గేసింది.

సైజు తేలింది గానీ రకం తేలలేదు. ఆయన రోజూ దుకాణానికి వెళ్ళడం, అక్కడ విన్నదంతా తెచ్చి భార్య ఇందుమతి గారికి అప్పజెప్పడం.

"ఓఎల్ఈడీలో ఏ చుక్కకి ఆ చుక్క ఆరిపోతుంది ఇందూ! నలుపంటే అసలైన నలుపు. కాకపోతే నీ వార్తల ఛానల్ కింద పట్టీ రోజంతా అలాగే ఉంటే మచ్చ పడిపోతుందట. క్యూఎల్ఈడీకి ఆ బెడద లేదు, పట్టపగలు కూడా ధగధగలాడుతుంది. కానీ వెనక దీపాలు వెలుగుతూనే ఉంటాయి కదా, నలుపు కాస్త బూడిద కొడుతుంది. పోనీ మినీ ఎల్ఈడీ అందామంటే, దీపాలు బోలెడు, చిన్నవి, దేనికది తగ్గుతుంది. కానీ చీకట్లో తెల్ల అక్షరం చుట్టూ వెలుగు చిమ్ముతుందట."

"మనం చూసేది వార్తలూ, వంటలూనండీ. వాటిల్లో అంత నలుపెక్కడుందీ?" అన్నారు ఇందుమతి గారు, కూరలు తరుగుతూ.

ఆయన జాలిగా చూశారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నలుపులో నాకు సాటి ఎవరు? నా మీద మచ్చ పడదు. కిటికీ వెలుగు మెరవదు. ఏ మూల కూర్చుని చూసినా ఒకేలా కనబడతాను. కరెంటు ఊసే లేదు. ఇన్ని సుగుణాలున్న ప్యానెల్‌ని గోడకి పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడే ఈ మనిషి!

ఈలోగా ఎదురు ఫ్లాటు మంగతాయారు గారు బాల్కనీలోంచి నన్ను చూసేశారు. సాయంత్రానికల్లా కొత్త టీవీ కబురు అపార్ట్‌మెంట్ అంతా పాకిపోయింది. పరాంకుశం గారు ఏకంగా ఇంటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఎనభై అయిదట కదండీ! పైకెలా తెచ్చారండీ?"

అట్ట అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. భాస్కరం గారు తలుపు ఓరగా వేసి, "ఏముందండీ, చంకలో పెట్టుకుని తెచ్చేశాను" అన్నారు.

పరాంకుశం గారు నోరు తెరిచారు. చాలాసేపటికి మూసి, "అయితే ఆదివారం ఫైనల్ మ్యాచ్ మీ ఇంట్లోనేనండి. అందరికీ నేను చెబుతాను" అని వెళ్ళిపోయారు.

ఇక ఆదివారంలోపు టీవీ రాకపోతే భాస్కరం గారు మెట్ల మీద తలెత్తుకుని తిరగలేరు. గత్యంతరం లేక మినీ ఎల్ఈడీకి ఒప్పుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం పెట్టె దిగింది. లిఫ్టులో పట్టలేదు. సరే మెట్లన్నారు. మొదటి మలుపులోనే ఇటు తిప్పితే గోడ, అటు తిప్పితే రెయిలింగ్.

"పెట్టెలోంచి తీసినా తిరగదండి. ఒంచితే ప్యానెల్ పగులుద్ది, మాకు సంబంధం లేదండి బాబూ" అన్నాడు తెచ్చినతను.

"నేను కొలతేసే కొన్నానయ్యా!" అంటూ భాస్కరం గారు పైకి పరిగెత్తి, నన్ను గోడ మీంచి పీకి, ఆ మలుపు దగ్గరికి తెచ్చారు. నేను చక్కగా నడుం దగ్గర మడతపడి తిరిగాను. ఆయన నన్ను చూశారు, పెట్టెని చూశారు, మెట్టు మీద కూలబడ్డారు. పాపం, ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడే పైనుంచి పరాంకుశం గారు దిగారు. ఆయనా నన్ను చూశారు, పెట్టెని చూశారు. నవ్వుతాడనుకున్నాను. పక్కన కూర్చున్నారు.

"నేనూ ముందు ఎనభై అయిదే తెచ్చానండి. సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది. వెనక్కి పంపి అరవై అయిదు తెప్పించుకున్నాను" అన్నారు మెల్లిగా.

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేంటండీ?"

"మీరైతే చెబుదురా?"

భాస్కరం గారు ఫక్కున నవ్వేశారు.

"మా ఇంటికి రమ్మంటే మీ పరువు పోతుందండి. సెల్లార్లో పెట్టించేద్దాం. ఇంట్లో ఇంతమందికి చోటు చాలదని కిందే పెట్టామందాం" అన్నారు పరాంకుశం గారు.

ఆ సాయంత్రం సెల్లార్లో స్కూటర్ల మధ్య అపార్ట్‌మెంట్ అంతా మ్యాచ్ చూసింది. కుర్చీలు చాలక వాళ్ళిద్దరూ నన్ను నేల మీద పరుచుకుని కూర్చున్నారు. "ఇంత చీకట్లో ఓఎల్ఈడీ అయితేనే బాగుండేదండీ" అని భాస్కరం గారు గొణుగుతూనే ఉన్నారు.

తర్వాత దుకాణం వాళ్ళని ఎలా బతిమాలారో గానీ దాన్నిచ్చి అరవై అయిదు తెచ్చుకున్నారు. ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. నేను మంచం వెనక చేరాను.

ఈమధ్య నాలుగో అంతస్తులోకి చిదంబరం గారని కొత్తాయన దిగారు. పెద్ద టీవీ కొనాలట, సలహా కోసం వచ్చారు. మిత్రులిద్దరూ ఆయన్ని కూర్చోబెట్టి నలుపు గురించీ, ధగధగ గురించీ, అక్షరాల చుట్టూ చిమ్మే వెలుగు గురించీ ఓపిగ్గా చెప్పారు. కాఫీ కూడా ఇచ్చారు. కొలత చూసుకోండంటూ భాస్కరం గారు నన్ను తీసి ఆయన చేతిలో పెట్టారు. ఎనభై అయిదుకి తగ్గొద్దండీ అన్నారు పరాంకుశం గారు. మెట్ల సంగతి మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు.

నాకు నోరుంటే చెప్పేదాన్ని. ప్రస్తుతం నాలుగో అంతస్తు గోడ మీద ఉన్నాను. చిదంబరం గారు సోఫా వెనక్కి జరుపుతున్నారు.