పళ్లు మొలిచిన కాలరు

మా ఇంట్లో చెత్త దొరకదు. ఆ మాట క్రాఫ్టు టీచరుతో చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆవిడ ఎదురుపడగానే చెప్పు సర్దుకుంటున్నట్టు వంగేదాన్ని.

పెద్ద క్లాసు ఆడపిల్లలం తలా ఒక చిన్న క్లాసుకు పాఠం చెప్పాలట. ఇంట్లో పారేసే వస్తువులతో పిల్లల చేత బొమ్మలు చేయించాలట. సాయంత్రం తల్లిదండ్రులు వచ్చి చూస్తారట. నాకు రెండో తరగతి ఇచ్చారు. నలుగురిలో నోరు విప్పాలంటేనే నాకు భయం. పైగా చేతిలో చెత్త కూడా లేదు.

"అమ్మమ్మా, పారేసేవి ఏమైనా ఉన్నాయా?" అని ఆ పొద్దున అడిగాను.

"నన్ను పారెయ్యాలి. ఇంకేం లేవు," అంది అమ్మమ్మ.

నిజమే. నూనె డబ్బా మా ఇంట్లో బకెట్టు అవుతుంది. పాత దుప్పటి గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా అవుతుంది. పళ్లూడిన దువ్వెనతో అమ్మమ్మ చీపురు దులుపుతుంది. ఖాళీ సీసాలు మాత్రం పిల్లలు తెస్తామన్నారు. వాటికి అతికించడానికి కాగితాలు నేను తేవాలి.

అమ్మా నాన్నా అప్పటికే పనికి వెళ్లిపోయారు. పిన్ని గుడ్డ కొనడానికి వెళ్లింది. పిన్ని టైలరు. ఈమధ్యనే మా ఊరు వచ్చి, మా ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుంది. బడికి టైమైపోతోంది. గదులన్నీ తిరిగి వచ్చేసరికి మిషను కింద పాత న్యూస్‌పేపర్ల కట్ట కనపడింది, గుడ్డపీలికతో కట్టి ఉంది. విప్పి చూశాను. అన్నీ అడ్డదిడ్డంగా కత్తిరించిన ముక్కలే. పిన్ని ఏదో కత్తిరించగా మిగిలినవి అనుకున్నాను. సంచిలో కుక్కుకుని పరుగెత్తాను.

"చెత్త అంటే ఏంటి?" అని పిల్లల్ని అడిగాను.

"వినపడట్లేదక్కా!"

మళ్లీ అడిగాను.

"మా అన్నయ్య గది!" అని ఒకడు అరిచాడు.

"మా తమ్ముడు!" అంది ముందు పళ్లు రెండూ ఊడిపోయిన ఒక పిల్ల. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత భయం కొంచెం తగ్గింది. సీసాలు చేపలయ్యాయి. కాగితాలు రెక్కలు, తోకలు, పొలుసులు అయ్యాయి. ఆ పళ్లూడిన పిల్ల అర్ధచంద్రంలా వంగిన ముక్కను ఏరుకుని, అంచు పొడుగునా కత్తెరతో పళ్లు కోసి, తన చేపకు నోరు అతికించింది.

"చూడక్కా, దీనికి ఎన్ని పళ్లో!"

"భలే ఉంది," అన్నాను.

గోడకూ గోడకూ తాడు కట్టి చేపలన్నీ వేలాడదీశాం. నేను ఇంత పని చేశానా అని నాకే నమ్మకం కలగలేదు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లేసరికి పిన్ని మోకాళ్ల మీద కూర్చుని, మిషను కింద తల దూర్చి ఉంది.

"అమ్మా, ఇక్కడ నా పేపరు కటింగులు పెట్టాను, తీశావా?"

"నేను ముట్టుకుంటే నీకు గిట్టదు కదే, నేనెందుకు తీస్తాను?" అంది అమ్మమ్మ నా కంచంలో అన్నం పెడుతూ.

"నర్సుల కోటువి! పెద్ద నర్సు తన కోటు ఒక్క పూటే ఇచ్చింది. పేపరు మీద పరిచి గీసుకుని, కత్తిరించుకుని తిరిగిచ్చేశాను. రేపు పొద్దున్నకి ఒక కోటు కుట్టి చూపించాలి. లేదంటే ఆసుపత్రి ఆర్డరు మొత్తం బజారు టైలరుకి ఇచ్చేస్తారు. గుడ్డ తెచ్చేశాను. కటింగు లేకుండా కత్తెర ఎక్కడ పెట్టను?"

నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. చెప్పాలి. పిన్ని బీరువా వెనక్కి వంగి చూసింది. ఇప్పుడు చెప్పాలి. మంచం కింద చీపురు పెట్టి లాగింది. ఈసారి చెప్పేస్తాను అనుకుంటూనే కంచంలో చెయ్యి కడిగేసి లేచాను.

"అదేంటే, తినకుండానే?" అని అమ్మమ్మ అంటూనే ఉంది. అప్పటికి నేను వీధిలో ఉన్నాను.

రెండో తరగతి గదిలో ఎవరూ లేరు. కుర్చీ ఎక్కి చేపల్ని తాడు మీంచి ఒక్కొక్కటే లాగాను. ఒక తోకలో కోటు చెయ్యి సగం కనపడింది. రెక్క మీద పిన్ని ఎర్ర పెన్సిలు గీత. పొద్దున నాకు కళ్లెక్కడున్నాయో!

"అక్క చేపల్ని దొంగిలిస్తోంది!" అని గుమ్మంలోంచి కేక. పిల్లలంతా పోగయ్యారు. వాళ్ల వెనకే క్రాఫ్టు టీచరు.

"సాయంత్రం తల్లిదండ్రులు వస్తారు. ఏంటా పని? దిగు!"

దిగలేదు. దిగితే మళ్లీ ఎక్కలేనని అనిపించింది.

"ఇవి చెత్త కాదు టీచర్. మా పిన్ని పేపరు కటింగులు. అడక్కుండా తెచ్చాను. ఇవి లేకపోతే మా పిన్నికి ఆర్డరు పోతుంది."

నా గొంతు గది అవతలి గోడ దాకా వెళ్లింది. అంత గట్టిగా మాట్లాడగలనని నాకే తెలియదు. టీచరు నా వంకా చేపల వంకా చూసి నుదురు కొట్టుకుంది.

"పొద్దున్నే నాకొక మాట చెప్తే పాత పరీక్ష పేపర్లు బస్తాడు ఇచ్చేదాన్ని కదా! సరే, ఎవరి చేప వాళ్లు తీసుకుని కాగితాలు ఊడదీయండి. చిరగనివ్వకండి. సీసాలు ఉంచండి, మళ్లీ అతికిద్దాం."

పిల్లలు నేల మీద చతికిలబడి, జిగురు ఆరని చోట్ల మెల్లగా ఒలిచారు. ఏడ్చినవాళ్లు ఏడ్చారు. పళ్లూడిన పిల్ల మాత్రం చేపను వీపు వెనక దాచుకుంది.

"నేనివ్వను. దీనికి పళ్లున్నాయి."

"ఇంకో నోరు చేసిస్తాను."

"ఎన్ని పళ్లు?"

"నువ్వు చాలనేదాకా."

ఆలోచించింది. ఇచ్చేసింది.

పరీక్ష పేపరుతో ఆ చేపకు నోరు చేసిచ్చి, టీచరుకు చెప్పి, ముక్కలన్నీ సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లి పిన్ని ముందు పెట్టాను. ఎక్కడివో, ఎలా పోయాయో చెప్పాను. పిన్ని అరవలేదు.

"అన్నం తింటూ నా ఎదురుగానే కూర్చున్నావు కదే. నేను ఇల్లంతా దేకుతుంటే చూస్తూ కూర్చున్నావు. అప్పుడు చెప్పలేకపోయావా?"

ముక్కల్ని నేల మీద పరిచి అతికించడం మొదలుపెట్టాం. ముందు భాగాలు వచ్చాయి. వీపు వచ్చింది. చేతులు రెండూ అతుకులతో వచ్చాయి. చివరికి పిన్ని కాలరు పైకెత్తి చూసింది.

"ఇది కాలరా, రంపమా?"

"రోగులు కుదురుగా పడుంటారులే," అంది అమ్మమ్మ.

"అమ్మా, నువ్వుండు! కొలత అంతా అంచులోనే ఉంది, అంచే లేదు. మళ్లీ వెళ్లి కోటు ఎలా అడగను? ఒక్కసారి చూస్తే చాలండీ, రెండోసారి మీకు పని పెట్టను అని గొప్పలు పోయి వచ్చాను."

"నేనడుగుతాను," అన్నాను.

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా? కొట్లో పంచదార బదులు ఉప్పు ఇస్తే నోరెత్తకుండా తెచ్చుకున్నదానివి."

అయినా కత్తెర, పెన్సిలు, కొత్త న్యూస్‌పేపరు సంచిలో వేసుకుంది.

ఆసుపత్రి వరండాలో ఫినాయిలు వాసన. పెద్ద నర్సు మందుల ట్రే సర్దుతోంది. ఆ కోటు ఆవిడ ఒంటి మీదే ఉంది. పిన్ని నా వెనక నిలబడిపోయింది. నేనే ముందుకు జరిగాను.

"మీ కోటు కాలరు కటింగు నేను పాడు చేశానండి. మా పిన్ని తప్పు లేదు. ఇంకోసారి గీసుకోవాలి."

"డ్యూటీలో కోటు విప్పడం కుదరదు," అంది ఆవిడ తల ఎత్తకుండానే.

"విప్పక్కర్లేదండీ. కూర్చుంటే చాలు."

ఆవిడ నన్ను చూసింది, గడియారం చూసింది, స్టూలు లాక్కుని కూర్చుంది. నేను కాగితాన్ని ఆవిడ మెడ చుట్టూ పట్టుకున్నాను. పిన్ని వేలితో అంచు నొక్కుతూ గీత గీస్తోంది. ఇంతలో లోపలి గదిలో గంట మోగింది. ఆవిడ లేవబోయింది.

"కదలకండి!" అన్నాను.

ఆవిడ ఆగిపోయింది. "ఎవరమ్మా ఈ పిల్ల?"

"మా అక్క కూతురండీ. నోట్లో నాలుక లేని పిల్ల," అంది పిన్ని, గీత మీంచి కన్ను తీయకుండా.

పెద్ద నర్సుకు నవ్వొచ్చింది. మెడ కదిలింది, కాగితం జారింది.

"నవ్వకండి కూడా," అన్నాను.

లోపల గంట మళ్లీ మోగింది. "వస్తున్నా, వస్తున్నా!" అని ఆవిడ మెడ కదపకుండా కేకేసింది. పిన్ని గీత పూర్తిచేసి, అక్కడే నిలబడి కత్తిరించింది. అంచు నున్నగా వచ్చింది.

"రేపు నేను డ్యూటీకి వచ్చేసరికి కోటు నా బల్ల మీద ఉండాలి," అంటూ పెద్ద నర్సు లోపలికి పరుగెత్తింది.

మేం బయటికి పరుగెత్తాం. కాలరు మడత పడకుండా రెండు అరచేతుల మీద పరుచుకుని నేను ముందు నడిచాను. గాలి వేసినప్పుడల్లా ఆగి గోడ వైపు తిరుగుతున్నాను. ఎదురొచ్చేవాళ్లందరికీ "తప్పుకోండి, తప్పుకోండి" అని చెబుతూనే ఉన్నాను.