మిషను బల్ల మీద బుడుంగు

గొంతు కింద పలచటి చర్మం... లేస్తోంది. పడుతోంది.

లేస్తోంది. పడుతోంది.

అంతే. కప్ప ఒంట్లో కదులుతున్నది అదొక్కటే.

సత్తు బేసిన్‌లో వేలి మందం నీళ్లు. నీళ్లలో ఒక రాయి. రాయి మీద ఆ కప్ప, బుడుంగు. ఎదురుగా తేలుతూ ఒక ఈగ — చచ్చిన ఈగ. పాపం, పట్టుకునే ఓపిక దానికి లేదని ఆ ఇంటి పిల్లే కొట్టి తెచ్చింది.

బుడుంగు చూడదు.

మొన్నటిదాకా కుళాయి గట్టు దాని రాజ్యం. అక్కడ వాలిన దోమ మళ్లీ లేచిందే లేదు. చూపు సరిగా ఆనని నానమ్మ ఒకరోజు నీళ్ల బకెట్ దించింది... బుడుంగు వెనక కాలు మీద.

కాలి వాపు తగ్గింది. నోరు మాత్రం తెరవదు.

నానమ్మా తెరవదు. కంచం పెడితే పక్కకి జరుపుతుంది. "ముందు దాన్ని తిననీ."

ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. నాన్న కుట్టు మిషను ఆపేశాడు. పిల్లికి అందకుండా బేసిన్ ఆ బల్ల మీదే పెట్టారు మరి. తలుపులు మెల్లగా. అడుగులు మెల్లగా. ఇక ఆ పిల్ల మాట ఎప్పుడూ మెల్లగానే — అందుకే ఇంట్లో ఆమె పేరు గుసగుస.

"నీకు నోట్లో నాలుక లేదు. దానికి ఉండీ బయటికి రాదు. సరిపోయారు ఇద్దరూ!" అంది అమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "సాయంత్రానికీ తినకపోతే కాలవలో వదిలేద్దామే. దీని బెంగతో మీ నానమ్మ చిక్కిపోతోంది."

కాలవ గట్టున కొంగలు. ఒంటికాలి మీద... ఓపికగా.

గుసగుస ఇంకో ఈగను తెచ్చి, నీళ్లు కదలకుండా దించింది.

ఎండ గుమ్మం దాటి వెళ్లిపోయింది.

నాన్న సగం కుట్టిన చొక్కాతో బల్ల ముందు కూర్చున్నాడు. "రేపు ఇచ్చెయ్యాలి తల్లీ. చేతులు అతికేసి లేచిపోతా."

"వద్దు నాన్నా, బెదురుతుంది..."

"కప్పకి జడిసి మిషను మూసిన దర్జీని నేనొక్కణ్ణే. నలుగురూ నవ్విపోతారు."

కాలు పడింది. చక్రం తిరిగింది.

టకటకటక —

బల్ల అదిరింది. బేసిన్ అదిరింది. నీళ్ల మీద సన్నటి ముడతలు. ఆపమందామని ఆమె నోరు తెరిచింది... తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

ఈగ కదులుతోంది.

చచ్చిన ఈగ. ముడత మీంచి ముడత మీదికి. బతికున్నట్టే.

బుడుంగు తల తిరిగింది.

ఇన్నాళ్లూ కదలనివే పెట్టింది. కదలకుండా పెట్టింది. కదలొద్దని ఇంటిల్లిపాది కాళ్లూ కట్టేసింది. కదలనిది దాని కంటికి ఆనదేమో... గట్టు మీద కదలకుండా కూర్చున్న బుడుంగు, ఆరోజు నానమ్మ కంటికి ఆననట్టే.

మిషను ఆగింది. ఈగ ఆగింది. తల ఆగింది.

"తొక్కు నాన్నా! ఆపకు!"

ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినని గొంతు. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. నాన్న చొక్కా పక్కన పడేసి, ఉత్తి మిషను తొక్కుతున్నాడు.

టకటకటక...

రాయి మీద ఒక ముందు కాలు జరిగింది. ఇంకోటి.

నానమ్మ వచ్చి బల్ల అంచు పట్టుకుంది. ఆమె చేతి వణుకూ నీళ్లలో కలిసింది. "తిందా? ఏమే, తిందా?"

గుసగుస కళ్లు బేసిన్ మీదే. ఈగ వస్తోంది... రాయి దాకా. నోటి దాకా.

గొంతు కింద పలచటి చర్మం —

లేచింది.

ఇంకా పడలేదు.