కాయని పొనికి

"పెరట్ల గా గొడ్డుచెట్టును రేపు కొట్టేస్త" అన్నాడు మా ఆయన, నేను చింతగింజలు నూరుతుండగా.

గొడ్డు అన్న మాట మా ఇంట్లో ఎక్కడ వినబడ్డా ముందు నాకే తగులుతుంది. చేతిలో పొత్రం ఆగిపోయింది. చెట్టు అన్నది ఆ తర్వాత మెల్లగా చెవికెక్కింది. ఆయన నా ముఖం చూడలేదు. ఆయన మనసంతా హైదరాబాదు దుకాణంవాళ్ళు అడిగిన చిలుక బొమ్మల మీద ఉంది. ఎండలు ముదరకముందే బొమ్మలు పంపాలి, పని చేసే కొట్టంలో చూస్తే బొమ్మలు చెక్కే పొనికి కట్టె ఒక్క దుంగ లేదు. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు బండ్లకు బండ్లు దిగేవి. ఇప్పుడు గుట్టలు బోడివయ్యాయి, బండ్లవాళ్ళు వేరే పనులు చూసుకున్నారు.

"నీ కాసే చెట్టు జోలికి పోను, ఫికర్ జెయ్యకు" అని బుజ్జగించాడు. "గీ పక్కది ఇన్నేండ్ల సంది ఒక్క కాయ గాయలే. దాన్ని ఉంచి ఏం జేస్తవ్?"

దయతో అన్న మాటే అది. పెనిమిటి పేరు చెప్పకూడదంటారు గాని నేను చెబుతాను, కైలాసం. కైలాసం చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడం ఎంత సులువు! మంచివాడి మీద కోపం రావాలంటే ఆడదానికి ఏండ్లు పడుతుంది.

మేము నిర్మల్ నకాషీవాళ్ళం. బొమ్మ చెక్కేది, రంగు వేసేది, కన్ను దిద్దేది మగవాళ్ళు. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా నూరి, ఉడికించి, రంపపు పొట్టు కలిపి లప్పం చేసేది మేము. అతుకులు కనబడకుండా బొమ్మకు ఆ లప్పం పూసేది మేము, ఎండాక ఆకురాయితో రుద్ది నునుపు తెచ్చేది మేము. కొనడానికి వచ్చినవాళ్ళు బొమ్మను చెంపకు ఆనించుకుని ఎంత నునుపో అంటారు, అని కన్ను దిద్దినాయన చేతిని మెచ్చుకుంటారు. ఒకసారి ఒక పట్నం ఆమె మీ ఆడవాళ్ళు కూడా పని చేస్తారా అని అడిగితే, "ఏం లేదమ్మా, కూసోని నూరుతరు, గంతే" అన్నాడు ఈయన. అప్పుడు కూడా నేను నూరుతూనే ఉన్నాను. మనిషి అబద్ధం ఆడలేదు మరి.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు నా పెళ్ళయింది. పొద్దంతా పొనికి పొట్టులోనే బతుకు, జుట్టులో పొట్టు, అన్నంలో పొట్టు. ఆ చెట్టును మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. కొత్తలో ఆయన్ని అడిగాను, పొనికి చెట్టు ఎట్లా ఉంటుందని. "కట్టె లెక్క ఉంటది" అని నవ్వాడు. ఆయనకూ అంతే తెలుసు. తరతరాల నుంచి మావాళ్ళకు పొనికి అంటే కట్టె. దానికి ఆకు ఉంటుందని, పువ్వు పూస్తుందని ఎవరూ తలచుకోలేదు, అవసరం పడలేదు. గుట్టల మీది గూడెం నుంచి గంగుబాయి అనే ఆమె నెత్తిన కట్టె పెట్టుకుని వచ్చేది. ఆమెను అడిగితే ఆ మరుసటి సారి కొంగు ముడి విప్పి నా చేతిలో గింజలు పోసింది. "చెట్టును మొయ్యరాదు గదా బాయీ, గందుకే గీటిని తెచ్చిన" అంది.

రాయి లాంటి గింజలు. మొదటేడు పెట్టినవి ఒక్కటీ మొలవలేదు. రెండో ఏడు, బొమ్మలు రుద్దుతూ రుద్దుతూ ఏం తోచిందో, అదే ఆకురాయి తీసుకుని గింజలను కూడా ఒక పక్క అరగదీశాను. మా అత్త బుచ్చవ్వ చూసి పడీపడీ నవ్వింది, పిచ్చిది గింజలకు నునుపు పెడుతున్నదని వాడంతా చెప్పింది. తొలకరికి రెండు మొలిచాయి. ఆ రెండే మా పెరట్లో పెరిగి, వెడల్పాటి ఆకులతో బావి మీదికి నీడ తెచ్చాయి.

మొక్కలు పెరిగాయి గాని నా కడుపు పండలేదు. తప్పు నాలో ఉందని ఎవరూ చూసి చెప్పలేదు, అంతా తెలిసినట్టే మాట్లాడారు. మొక్కులు నేనే మొక్కాను, ఒక్కపొద్దులు నేనే ఉన్నాను, చేదు కషాయాలు నేనే తాగాను. ఆయన బొమ్మలకు కళ్ళు దిద్దుకుంటూ కూర్చున్నాడు. ఆరేడేండ్లకు మా అత్త ఆయనకు ఇంకో పిల్లను చూసింది. ఆయన పోనన్నాడు. "ఇంకోతి వస్తె నర్మద అలిగి తల్లిగారింటికి పోతదే అవ్వా. లప్పం ఎవ్వలు నూరుతరు?" అన్నాడు. గోడ వెనక నిలబడి విన్నాను. నన్ను వదలనందుకు సంతోషం, ఎందుకు వదలలేదో విన్నందుకు దుఃఖం. నవ్వుతూనే ఏడ్చాను. మా అత్తను కూడా పూర్తిగా అనలేను. చలికాలం పగిలిన నా చేతులకు నెయ్యి రాసేది ఆమే. రాస్తూ రాస్తూ ఒక మనవడు ఉంటే ఎంత బాగుండునో అనేది.

చెట్లు రెండూ పూతకు వచ్చాక ఒకటి కాసింది, రెండోది కాయలేదు. ఏటేటా పూస్తుంది, పూత రాలిపోతుంది. "కాయనిదానికి నీళ్ళెందుకే?" అనేది మా అత్త. నేను దానికి ఒక కడవ ఎక్కువే పోసేదాన్ని. ఎందుకో చెప్పాలా?

కాసిన చెట్టు గింజలు గంగుబాయి పట్టుకుపోయేది. ఇక్కడ నేను ఆకురాయితో అరగదీసి ఇస్తే, వానలు పడగానే గూడెం ఆడవాళ్ళతో కలిసి నరికేసిన గుట్ట వాలున నాటేది. గుట్ట బోడిదయ్యాక కింది వాగు చలికాలానికే ఎండిపోతున్నదని, పిట్టలు కూడా మాయమైనవని ఆమె బాధ. అక్కడక్కడా ఒంటి పొనికి మిగిలినా పూస్తుందే గాని కాయదట. గింజ కావాలంటే ఇక మా పెరడే. నాటినవాటిలో ఎన్నో చచ్చాయి. బతికినవి కొన్ని మనిషెత్తు అయ్యాయని, ఒకదాని మీద పిట్ట గూడు కట్టిందని మొన్న చెప్పింది. నేను చూడని గుట్ట, నేను చూడని పిట్ట. ఆ రోజంతా నాకు కడుపు నిండినట్టే ఉంది.

ముందటేడు మా తమ్ముడి ఇంటికి పోయి వచ్చేసరికి కాయని చెట్టుకు కొమ్మలు లేవు. చిన్న బొమ్మలకు కావాలని ఈయన మొత్తం నరికాడు. ఆ ఏడు కాసే చెట్టు విరగబూసింది. తేనెటీగలు కూడా వచ్చాయి. ఒక్క పిందె నిలవలేదు. గంగుబాయి ఖాళీ సంచి పట్టుకుని తిరిగిపోయింది. "పక్కన గొడ్డుదాని గాలి తగిలింది" అంది మా అత్త. ఆ మాట చెట్టును అన్నది కాదని నాకు తెలుసు. ఆ సాయంత్రం బావి దగ్గర కూర్చుని ఆలోచిస్తుంటే మా తల్లిగారి ఊరి తాటిచెట్లు గుర్తుకొచ్చాయి. తాటివనంలో పోతుతాడు కాయదని చంటిపిల్లలకు కూడా తెలుసు. దాన్ని ఎవరూ గొడ్డుది అనరు. నిరుడు మళ్ళీ కొమ్మలు వేసి పూత పూసింది. రెండు చెట్ల పూలూ కోసుకొచ్చి అరచేతిలో పెట్టుకుని చూశాను. కాసేదాని పువ్వులో పచ్చని పూస లాంటిది ఉంది. దీని పువ్వులో పసుపు దుమ్మే ఉంది. ఆ ఏడు పక్కది బాగా కాసింది.

చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చేది. చెట్టు మాట మొదలుపెడితే అది చెట్టు దగ్గరే ఆగుతుందా అని భయం వేసేది. ఆయన్ని నొప్పించడం నాకు ఇష్టం లేదు. ఇన్నేండ్లూ ఆయనకు నొప్పి తెలియకుండా గొడ్డు అన్న మాటను నేను ఒక్కదాన్నే మోశాను.

తెల్లవారి ఆయన గొడ్డలి నూరుకుని పెరట్లోకి వచ్చాడు. ఆకు రాలిన చెట్లు రెండూ మొగ్గ తొడగబోతున్నాయి. నేను గింజల గంప తెచ్చుకుని కాయని చెట్టు మొదట్లో కూర్చుని ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టాను. మా అత్త నులక మంచం మీద ఎండకు పడుకుని ఉంది.

"జరుగు నర్మదా, మీద వడ్తది."

"అది గొడ్డుది గాదు. పోతుచెట్టు" అన్నాను.

పొనికిలో పోతుదేమిటని నవ్వబోయాడు. తాటిచెట్ల సంగతి చెప్పాను, కొమ్మలు కొట్టిన ఏడు ఏమైందో చెప్పాను, పూలు చూసిన సంగతి చెప్పాను. ఇది పోతే అది కాయదనీ, అది కాయకపోతే గుట్టకు గింజ లేదనీ, గింజ లేకపోతే రేపు నకాషీవాళ్ళకు కట్టె లేదనీ చెప్పాను. ఆయన రెండు చెట్లనూ మార్చి మార్చి చూశాడు.

"మా తాతల సంది పొనికి పని జేస్తున్నం. గీ మాట ఎవ్వలు జెప్పలే" అన్నాడు.

"కట్టెకు పువ్వుండదు గదా. ఎట్ల జెప్తరు?"

"మరి నా చిలుకలు?" అన్నాడు చిన్నపిల్లవాడిలాగా. జాలేసింది. జాలి వేసినా ఈసారి జరగలేదు.

"కొడితే రెండు గొట్టు" అన్నాను. "ఒక్కదాన్ని మిగిలిచ్చి, రేపు కాయలేదని దాన్ని అనకు."

మంచం కిర్రుమంది, మా అత్త లేచి కూర్చుంది. ఆయన గొడ్డలి దించాడు. బొమ్మకు కన్ను దిద్దబోయే ముందు చూసినట్టు నా ముఖంలోకి చూశాడు. పెళ్ళయిన కొత్తలో కూడా అట్లా చూడలేదు.

"గిన్నేండ్లు నువ్వు..." అని ఆగిపోయాడు. ఆయన సగంలో వదిలిన మాటలు పూర్తి చేయడం నాకు అలవాటు. ఆ రోజు చేయలేదు.

గొడ్డలి గోడకు ఆనించి వచ్చి నా పక్కన కింద కూర్చున్నాడు. దొరికిన కట్టెతో దొరికినన్ని చిలుకలే చేస్తానని, మిగతావి లేవని దుకాణంవాళ్ళకు చెబుతానని నేల చూస్తూ అన్నాడు. గంపలోంచి ఒక గింజ తీసుకున్నాడు.

"ఎంత రుద్దాలె?"

"పైపెంకు పల్చబడేదాక. లోపలికి తగలనియ్యకు."

మొదటి గింజను ఎక్కువ రుద్ది పాడు చేశాడు. నేను ఇంకో గింజ చేతిలో పెట్టాను.

ఇంతలో బుచ్చవ్వ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చింది. కాసే చెట్టును దాటి వచ్చి, ఎన్నడూ చెంబెడు నీళ్ళు పోయని పోతుచెట్టు మొదట్లో మొత్తం పోసింది. ఖాళీ గిన్నె పట్టుకుని నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"నన్ను గూడ గట్లనే అన్నరు బిడ్డా" అంది కొడుకు వైపు చూస్తూ, "వీడు పుట్టేదాక."