ఉప్పుసంచికి తాడు

మందలో మున్నూరు గొర్రెలుంటే మున్నూరింటి మొహాలూ హన్మమ్మకు తెలుసు. ఏది నెమరు మానిందో, ఏది చెవి వాల్చిందో, ఏది ఒక గిట్ట తేలికగా మోపుతున్నదో, గొంగడి దులుపుకుంటూనే కనిపెట్టగలదు. అట్లాంటి మనిషికి, ముప్పై ఏళ్లుగా పక్కన నడిచే పెనిమిటి నడక మారిందని తెలియడానికి నెల పట్టింది. తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తన మీద తనకే కోపం.

పందొమ్మిది వందల అరవై ఒకటి, మాఘమాసం. బషీరాబాదుకు కోసెడు దూరంలో వాళ్ల ఊరు. శివరాత్రి మరునాడు, అమావాస్య పొద్దున, మంద కాగ్నా వాగు దాటి పడమటికి కదలాలి. కోతలైన చేలల్లో మంద నిలిపితే రైతుకు ఎరువు, కాపరికి గింజలు. మందకు ముందు నడిచేవాడు బీరన్న. ఇరవై ఏళ్లుగా అతడే.

ఆ బీరన్నకు ఈ నెలలో పొద్దున లేస్తే తల వెనుక మొద్దునొప్పి. గట్టెక్కితే ఆయాసం. ఎండలో నిలబడితే కళ్ల ముందు మసక. అన్నిటికీ అతని దగ్గర వైద్యం ఒకటే: ఉప్పు. వాలిన పొట్టేలుకు ఉప్పు నాకిస్తే నిలబడుతుందని తాతనాటి మాట. పొట్టేలుకు పనికొచ్చినది మనిషికి పనికిరాదా? మొలకు వేలాడే తోలుసంచిలో వేలు పెట్టేవాడు, ఒక గల్లు నాలుక మీద వేసుకునేవాడు. పొద్దున అంబలిలో పిడికెడు, మధ్యాహ్నం రొట్టెలోకి ఊరగాయ, మాపటికి ఎండుచేపలు, చల్లమిరపకాయలు. నొప్పి పెరిగినకొద్దీ ఉప్పు పెరిగింది. ఉప్పు పెరిగినకొద్దీ నొప్పి పెరిగింది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం ముక్కులోంచి నెత్తురు గొంగడి మీద బొట్లుబొట్లుగా రాలింది.

బీరన్న నవ్వాడు. "ఏం గాలేదే. నెత్తురెక్కువై పొంగింది. బలమున్నోనికే గిట్లయితది."

"కుండ పొంగితె బలమంటరా? కింద మంట తగ్గియ్యాలంటరు," అన్నది హన్మమ్మ. "లే. రేపు పొద్దున రైలుకు వికారాబాదు పోతున్నం."

మర్నాడు తాండూరు దాకా బండి మీద, అక్కడినుంచి ప్యాసింజరులో వికారాబాదు. స్టేషను వెనుక సందులో మనోరమ అనే డాక్టరమ్మ ఉన్నది. బీరన్న జబ్బకు గుడ్డపట్టీ చుట్టి, రబ్బరు బుర్ర పిసికింది. గాజుగొట్టంలో పాదరసం నిచ్చెన ఎక్కినట్టు ఎక్కింది.

"రెండు వందల ఇరవై," అన్నది డాక్టరమ్మ.

"ఎంతుండాలె బిడ్డా?"

"నూట నలభై లోపల."

"అయితె ఎక్కువే ఉన్నది. లాభమే గద!"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది రక్తపు పోటు, పెద్దయ్యా. మీ తలనొప్పి, ఆయాసం, మసక, ముక్కు నెత్తురు, అన్నీ ముందుగా కొట్టిన డప్పులు. మీ అదృష్టం కొద్దీ వినిపించాయి. చాలామందికి అవీ వినిపించవు. మెదడులో నరం తెగితే ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోతాయి, మాట పడిపోతుంది. మాత్రలు ఒక్కపూట కూడా మానొద్దు. నెల రోజులు ఎండలో నడక వద్దు. ఊరగాయ, ఎండుచేప, చల్లమిరపకాయ ఇంట్లోకే రానివ్వొద్దు. జొన్నరొట్టె తినండి, కందిపప్పు తినండి, ఆకుకూర కడుపునిండా తినండి. ఉప్పు మాత్రం చిటికెడు."

"ఉప్పు లేకుంట రుచెట్ల?" అడిగింది హన్మమ్మ.

"నిమ్మకాయ పిండు. వెల్లుల్లి దంచి వెయ్యి. పది రోజుల్లో నాలుక అలవాటు పడుతుంది."

తిరుగు రైల్లో బీరన్న కిటికీ వైపు తిరిగి, సంచిలో వేలు పెట్టి, చప్పరించాడు. "గొర్లు గాసే కురుమోని బతుకే ఉప్పు మీద. గా పిల్లకేమెరుక?" హన్మమ్మ ఆ చప్పరింపులు లెక్కపెట్టింది. తాండూరు వచ్చేసరికి ఐదు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక, అతని ఎదురుగా కూర్చున్నది.

"నల్లపొట్టేలు యాదికున్నదా?"

బీరన్న మొహం వాడిపోయింది. ఆరేళ్ల కిందటి మాట. నల్లపొట్టేలు ఉప్పుబస్తా చింపి కడుపునిండా తిని, నీళ్లతొట్టి పక్కనే కాళ్లు చాపి చచ్చిపోయింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు బీరన్న.

"ఆనాడు నువ్వేమన్నవు?"

"బస్తాకు తాడు గట్టని కాపరిదే తప్పన్న."

"గొర్రెకు అమాసకొక్కపారి పిడికెడు పెడతవు. నువ్వు పూటకు పిడికెడు తింటున్నవు. గొర్రెకు కాపరున్నడు. నీకు లేడా?" చెయ్యి చాపింది. "తే సంచి."

చాపిన చెయ్యి వెనక్కి పోలేదు. బీరన్న మొలతాడు నుంచి సంచి విప్పి, ఆ చేతిలో పెట్టాడు. ఆమె దానికి రెండు ముళ్లేసి కొంగున కట్టుకున్నది.

"మరి మంద?" అన్నాడు చిన్న గొంతుతో.

"మందను నేనే కాస్త. ముందు నేను, ఎనుక నీ తమ్ముడు అంజిలయ్య."

"ఆడది ముందు నడిస్తె గొర్రె వాగు దిగదే."

"గొర్రె పిలుపు చూస్తది, మీసం చూడదు. నువ్వు నెల రోజులు నీడకుండు. గా డాక్టరమ్మ సరేనన్ననాడు మంద కాడికి రా. గప్పుడు నేనే ఎనుకకు జరుగుత."

అమావాస్య తెల్లవారింది. బయలుదేరే ముందు ఇంటిపెద్ద బండ మీద ఉప్పు పరిచి మందకు నాకించాలి; అది ఆనవాయితీ. హన్మమ్మ సంచి ముడి విప్పి బీరన్న దోసిట్లో ఉప్పు పోసింది. అతడు బండ పొడుగునా చల్లాడు. గొర్రెలు తోసుకుంటూ వచ్చి గరగర నాకాయి. అరచేతి గీతల్లో కొన్ని గల్లులు మిగిలాయి. ఏటా మిగిలేవి. ఏటా అతడు నాకేవాడు.

చెయ్యి సగం పైకి లేచింది. బీరన్న ఆ చేతిని చూశాడు. భార్య వైపు చూశాడు. ఆమె సంచికి మళ్లీ తాడు బిగిస్తున్నది, ఇటు చూడడం లేదు. అతడు వంగి, ముసలి గొర్రె మూతి ముందు అరచెయ్యి చాపాడు. గరుకు నాలుక నాలుగు వరసలు గీసి, చేతిని శుభ్రం చేసింది.

హన్మమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి వాగులో దిగింది. వెనక్కి తిరిగి నాలుక మడిచి ఒక్క పిలుపు పిలిచింది. ముసలి గొర్రె ముందు దిగింది, దాని వెనుక మందంతా తెల్లగా, నల్లగా, చప్పుడుగా దిగింది.

"ఎడమకు జరుగు! గక్కడ లోతున్నది!" ఒడ్డు మీదినుంచి కేకేశాడు బీరన్న.

"నాకెరుకే! మాత్ర ఏసుకున్నవా?"

"ఏసుకున్న!"

"అయితె ఎండల నిలబడకు. నీడకు నడువు!"

మంద ఆవలి గట్టెక్కేదాకా చూసి, బీరన్న నీడకు నడిచాడు.