నిత్యవేగం

ఆమె అసలు పేరు ఆఫీసులో ఎవరి నోటా వినబడేది కాదు. అందరూ చురక అనేవాళ్ళు. ఎవరైనా తాము రాసిన ప్రోగ్రాము తెచ్చి చూపిస్తే రెండు లైన్లు చదివి, "ఇది రాశారా, ఒలకబోశారా?" అని అడిగే మనిషికి అంతకంటే మంచి పేరు ఎక్కడినుంచి వస్తుంది?

ఆ కంపెనీ కంప్యూటర్లో బొమ్మలు గీసి, భారీ లెక్కలు చేసే గ్రాఫిక్స్ కార్డులు తయారుచేస్తుంది. కంప్యూటరు మాట కార్డుకీ, కార్డు మాట కంప్యూటరుకీ అర్థమయ్యేలా మధ్యలో నిలబడే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. అందులో కరెంటు సంగతి చూసుకునే భాగం చురకది. ఆ విభాగానికి పెద్ద స్వయానా ఆమె అక్క మొగుడు. ఆయనకి ఆమె మనసులో పెట్టుకున్న పేరు డప్పు. పని ఎవరు చేసినా మోత ఆయనది. మీటింగుల్లో అందరి ముందూ "ఏమంటావు మరదలా?" అని పిలిచేవాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. అయినా ఆదివారం వాళ్ళింట్లోనే భోజనం చేసేది, ఎందుకంటే అక్క వంట బాగుంటుంది.

ఆ ఏడాది కస్టమర్ల నుంచి ఒకే ఫిర్యాదు పదే పదే వచ్చింది. పెద్ద పని ఒకటి పరుగున సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి నత్తనడక పడుతోంది. బావ అందరికీ ఒకే జవాబు పంపించాడు: కంప్యూటరు ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి. చురక మాత్రం కూర్చుని కారణం పట్టుకుంది.

కార్డుకి కొన్ని పవర్ ప్రొఫైళ్ళు ఉంటాయి. వీడియోకి ఒకటి, ఆటలకి ఒకటి, భారీ లెక్కలకి ఒకటి. ఎంత వేగంతో నడవాలో, ఎంత కరెంటు తాగాలో అవి చెబుతాయి. చిక్కేమిటంటే కార్డు ఒక్కటే, దాని మీద ఒకేసారి నడిచే ప్రోగ్రాములు అనేకం. వచ్చినవాడల్లా తనకి కావలసిన ప్రొఫైలు పెట్టుకుంటాడు. తన పని కాగానే మామూలు స్థితికి దించేసి పోతాడు. పక్కన ఇంకొకడు పనిలో ఉన్నాడా అని చూసే నాథుడు లేడు. ముందు తిన్నవాడు లేచి అందరి కంచాలూ ఎత్తేసినట్టు. పక్కన చిన్న వీడియో ముగిస్తే చాలు, పెద్ద లెక్క కాళ్ళు విరిగి కూలబడేది.

ఈ సంగతి చెప్పడానికి ఆమె బావ అద్దాల గదిలోకి వెళ్ళింది.

"ఏ ప్రొఫైలుని ఎంతమంది పట్టుకున్నారో డ్రైవరే లెక్క పెట్టాలి బావా. ఆఖరివాడు వదిలాకే దించాలి. ఇద్దరు రెండు రకాలు అడిగితే ఎవరిది ముందో మనమే తేల్చాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండు నెలలు."

"అంత దేనికి మరదలా? దించడం వల్లే కదా గొడవ. అసలు దించకపోతే పోలా?"

హాస్యమాడుతున్నాడనుకుంది. ఆయన లేచి వెళ్ళి తెల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో 'నిత్యవేగం' అని రాశాడు. జబ్బేమిటో తెలియకపోయినా మందుకి పేరు పెట్టడంలో బావకి సాటి లేదు.

"ఎప్పుడూ పై వేగంలోనే ఉంచితే కార్డు కాగిపోతుంది. ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకుంటామా?"

"ఫ్యాన్లు ఎందుకున్నాయి మరి? చూడు, నీకు కంప్యూటర్లు తెలుసు. నాకు కస్టమర్లు తెలుసు."

కస్టమర్ల గురించి ఆయనకి తెలిసిందల్లా వాళ్ళ ఫోను నంబర్లు అనుకుంటూ ఆమె బయటికొచ్చింది. నిత్యవేగం విడుదలైంది. చప్పట్లు మోగాయి. చురక తన పద్ధతిని వీలున్నప్పుడల్లా పక్కన రాసుకుంటూ పోయి, పూర్తిచేసింది. ఎవరికీ చూపించలేదు. ఆ ఆఫీసులో చూపించదగ్గ మనిషి ఉన్నాడని ఆమె అనుకోలేదు.

మొదట పేలింది పిల్లల బొమ్మల సినిమాలు తీసే ఒక స్టూడియోలో. యజమానురాలు కళ్ళజోడు జుట్టులోకి నెట్టుకుని తిరిగే మనిషి. నమస్కారానికి నమస్కారం చెప్పడం కూడా ఆవిడకి దండగే. నిత్యవేగం వేసుకున్న వారానికే వాళ్ళ యంత్రాల గది కొలిమిలా కాగింది, మెయిన్ స్విచ్ పడిపోయింది, సగం తయారైన దృశ్యాలన్నీ గాల్లో కలిశాయి. ఆవిడ బావనీ చురకనీ పిలిపించింది.

గదిలో ఫ్యాన్ల హోరుకి మాట వినబడడం లేదు. బావ గొంతు సవరించుకున్నాడు.

"మేడం, మీ ఏసీ కాస్త పాతదైనట్టుంది..."

"ఈ ఏసీ నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంది. మీ డ్రైవర్ వచ్చి వారమైంది. ఇద్దర్లో అనుమానించాల్సింది ఎవర్ని?" అని ఆవిడ ఒక యంత్రం మీద చెయ్యి వేసింది. "దీని మీద ఇప్పుడు ఏ పనీ లేదు. ఎందుకు అరుస్తోంది?"

"ఎప్పుడు పని వచ్చినా సిద్ధంగా ఉండాలని..."

"వంట లేని ఇంట్లో పొయ్యి మండించి పెట్టడాన్ని సిద్ధంగా ఉండడం అనరండీ. మతి పోవడం అంటారు."

చురకకి కడుపు చల్లబడింది. ఆ ఊపులో నోరు ఆగలేదు.

"నేను వేరే పద్ధతిలో రాశాను మేడం. ఈయన వద్దన్నారు."

బావ ముఖం మాడిపోయింది. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా ఒక యంత్రం చూపించింది. "దీంట్లో వెయ్యండి. చూద్దాం."

వేసింది. మధ్యాహ్నమంతా అందరూ చూస్తుండగానే వీడియోలు వచ్చాయి, పోయాయి. దృశ్యాలు తయారుచేసే పెద్ద లెక్క మాత్రం అడుగు తడబడకుండా నడిచింది. అన్నీ ముగిశాక కార్డు బుద్ధిగా సద్దుమణిగింది. తిరిగొచ్చేటప్పుడు కారులో బావ ఒక్కటే మాట అన్నాడు.

"బయటివాళ్ళ ముందు అలా అనకుండా ఉండాల్సింది."

"బయటివాళ్ళకి తెలిసిపోయేలా పని చేయకుండా ఉండాల్సింది" అంది చురక.

మర్నాడు పొద్దున్నే స్టూడియో నుంచి ఫోను వచ్చింది. చురక బయల్దేరితే, ఎవరూ పిలవకపోయినా బావ కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెంట వచ్చాడు. వెళ్ళేసరికి ఆమె డ్రైవర్ వేసిన యంత్రమే గదంతా దద్దరిల్లేలా అరుస్తోంది. దాని మీద ఒక్క పనీ లేదు.

చురక కూర్చుని చూసింది. చూస్తూండగానే చెవులు వేడెక్కాయి. బొమ్మలు గీసే ప్రోగ్రాము ఒకటి ప్రొఫైలు పట్టుకుని, దారి మధ్యలో కుప్పకూలింది. పోయేముందు వదలలేదు. డ్రైవర్ లెక్కలో ఇంకా ఒకడు మిగిలే ఉన్నాడు. ఆ లేని మనిషి కోసం కార్డు శాయశక్తులా పరిగెడుతోంది.

"ఆ ప్రోగ్రాము మధ్యలో చచ్చిపోయింది మేడం. పోయేటప్పుడు చెప్పి పోవాలి, చెప్పలేదు. తప్పు దానిది."

యజమానురాలు కళ్ళజోడు కిందికి దించి ఆమెని మొదటిసారి సరిగ్గా చూసింది.

"చచ్చినవాడు లేచొచ్చి సెలవు తీసుకుని పోవాలా? ఆయనేమో నా ఏసీ మీదికి తోశారు. మీరు పీనుగ మీదికి తోస్తున్నారు. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళా ఏమిటి?"

"అవును మేడం, మా మరదలే!" అన్నాడు బావ సంబరంగా.

ఆ తర్వాత ఆయన యంత్రం వైపు చూసి పకపకా నవ్వాడు. "అయితే మరదలా, ఇదీ నిత్యవేగమేగా!" ఆ నవ్వులో విషం లేదు. ఆయనకి నిజంగానే నవ్వొచ్చింది. చురకని కాల్చింది అదే. ఇంత తప్పు ఇంకెవరైనా చేసి తెస్తే తాను ఏం అనేదో ఆమెకి అక్షరం పొల్లుపోకుండా తెలుసు.

ఆదివారం అక్క దగ్గర అంతా వెళ్ళగక్కింది. అక్క పళ్ళ డాక్టరు. గిన్నెలు సర్దుతూ వింది.

"మీరిద్దరూ నాకు పేషెంట్లుగా దొరికినా బాగుండేది. నోరు తెరిచి మాట్లాడకుండా ఉండేవాళ్ళు."

"బావకి పని రాదక్కా."

"రాదని ఆఫీసుకంతా తెలుసు. ఆయనకీ తెలుసు. నీకే రోజూ కొత్తగా తెలుస్తోంది. సరే, నువ్వు రాసింది ఎవరికైనా చూపించావా?"

"ఎవరికి చూపించను? అక్కడున్న వాళ్ళంతా..."

"అదిగో, అందుకే" అని అక్క పెరుగు గిన్నె ఆమె ముందుకి తోసింది. "తిను."

ఆ వారమంతా చురక మళ్ళీ రాసింది. ప్రోగ్రాము ఎలా పోయినా, అది పట్టుకున్నదాన్ని కంప్యూటరే విడిపించేలా కట్టింది. చివరివాడు వదిలిన వెంటనే వేగం దించకుండా, వెనకాలే ఇంకొకడు వస్తాడేమోనని కాసేపు ఆగేలా పెట్టింది. అన్నీ అయ్యాక, తాను లోగడ 'ఒలకబోశారా' అని అడిగిన వాళ్ళలో ఒకాయన బల్ల దగ్గరికి వెళ్ళి, "ఇది కాస్త చదువుతారా?" అంది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఇదేదో ఉచ్చేమోనని వెనకా ముందూ చూశాడు. చదివి రెండు లోపాలు చెప్పాడు. రెండు ప్రోగ్రాములు ఒకే క్షణంలో వస్తే లెక్క తప్పుతుందన్నది ఒకటి. అది నిజమే. దిద్దుకుంది. రెండోది శుద్ధ పనికిమాలినదని ఇప్పటికీ ఆమె అభిప్రాయం. అయినా ఆ రోజు పైకి అనలేదు. అనకుండా ఉండడానికి ఆమె పడ్డ కష్టం రాయడానికి పడ్డదానికంటే ఎక్కువ.

కొత్త డ్రైవర్ స్టూడియో యంత్రాలన్నిట్లోకీ వెళ్ళింది. యజమానురాలు కృతజ్ఞతలు చెప్పలేదు. 'అరుపులు ఆగాయి' అని రెండు ముక్కలు పంపింది. బావ దానికి 'సమవేగం' అని పేరు పెట్టి, పెద్ద హాల్లో బొమ్మలు వేసి చూపిస్తూ, లెక్క పెట్టడమనే ఆలోచన తనకి ఎలా తట్టిందో గంటసేపు వివరించాడు. కంపెనీ పెద్దలు ఎంత మురిసిపోయారంటే ఆయన్ని అమ్మకాల విభాగానికి మార్చారు. అక్కడ ఆయన ఇట్టే అల్లుకుపోయాడు. ఏం అమ్ముతున్నాడో తెలియకుండానే బోలెడు అమ్మాడు. ఆ సంగతి విన్నాక, కొనేవాళ్ళ మీద కూడా చురకకి చిన్నచూపు ఏర్పడింది.

ఖాళీ అయిన కుర్చీలో కూర్చోమని ఆమెనే అడిగారు. అస్తమానం మనుషులతో మాట్లాడాలని తెలిసి మొదట వద్దంది. ఆ కుర్చీ కోసం ముస్తాబై తిరుగుతున్న ఇంకో ఆయన్ని చూశాక మనసు మార్చుకుంది. అంత మందమతి కింద పనిచేయడం కంటే మనుషులతో మాట్లాడడమే నయమనిపించింది.