కుముదిని భుజం మీది తూనీగ

ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కేరళలోని పెరుంబావూరులో చెక్క మిల్లుల వెనక సందులో ఉన్న వాయనశాలలో, అంటే ఊరి గ్రంథాలయంలో, వార్తాపత్రికలు మడిచి పక్కన పెట్టేస్తారు. పుస్తకాల బీరువాలకు తాళం వేసి, కుర్చీలన్నీ పెద్ద బల్ల చుట్టూ జరుపుతారు. చుట్టుపక్కల జనం ఒక్కొక్కరే చేతిలో ఫోను, భుజం మీద తూనీగతో వచ్చి కూర్చుంటారు.

తూనీగల సంగతి అక్కడ ఎవరికీ వింత కాదు. మనసులో నిజంగా పుట్టిన ప్రశ్నను పైకి అన్నాక జవాబు దొరక్కపోతే, అడిగిన మనిషి చుట్టూ ఒక తూనీగ తిరగడం మొదలుపెడుతుంది. సరైన జవాబు చెవినపడి బుర్రకెక్కిందంటే కిటికీలోంచి పొలాల వైపు వెళ్లిపోతుంది. తప్పు జవాబుకి కదలదు. వెనకట వానల గురించీ, వరి తెగుళ్ల గురించీ తూనీగలు ఉండేవట. ఇప్పుడు దాదాపు అన్నీ ఫోన్ల గురించే.

"నడుం నొప్పిగా ఉందని మా చెల్లెలితో అన్నాను. అంతే! సాయంత్రానికి ఫోన్లో నొప్పుల నూనె ప్రకటన. ఇది నా మాటలు వింటోందా లేదా, అది తేల్చండి ముందు," అంది టీకొట్టు అమ్మిణి చేచ్చి. అక్కడ చేచ్చి అంటే అక్క.

"ప్రత్యేకంగా వినాలా ఏమిటి? నువ్వు మాట్లాడితే మిల్లు గేటు దాకా వినిపిస్తుంది," అన్నాడు వర్కి మాష్. ఆయన రిటైరైన లెక్కల మేష్టారు, వాయనశాల కార్యదర్శి.

"మీ లెక్కలు మీరు చూసుకోండి మాష్. నేను అడిగింది ఇతిని."

బల్లకు ఆ చివర పదో తరగతి చదివే ఇతిశ్రీ లేచి నిలబడింది. ఫోను తీసుకోవడానికి చెయ్యి చాపలేదు. వాయనశాలలో ఒకరి ఫోను ఇంకొకరు ముట్టుకోకూడదు. అడిగినవాళ్లు తమ వేలితో తామే నొక్కాలి. ఎవరో పనంతా చేసిపెడితే తూనీగ వెళ్లకపోగా, పక్కన ఇంకోటి చేరుతుందని వాళ్ల అనుభవం.

"వింటోందని నేను చెప్పలేను చేచ్చీ. మీ చెల్లెలే ఆ నూనె కోసం వెతికిందేమో, మీ ఇద్దరి ఫోన్లూ ఒకే ఇంటి నెట్టు మీద ఉన్నాయి కదా. కానీ వినడానికి దేనికి అనుమతి ఇచ్చారో మీరే చూడొచ్చు. సెట్టింగులు తెరవండి. కిందికి జరపండి. ఆ మైకు బొమ్మ నొక్కండి."

అమ్మిణి కళ్లజోడు పైకి తోసి నొక్కింది. "అయ్యో, ఈ కూరగాయలు కోసే ఆటకి మైకు ఎందుకమ్మా? నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అంటూ ఒక్కొక్కటే ఆపేసింది. ఆమె తూనీగ ఒకసారి గిర్రున తిరిగి కిటికీ దాటింది. జనం చప్పట్లు కొట్టారు.

తీసేసిన ఫోటో ఎక్కడికి పోతుందని ఇంకొకాయన అడిగాడు. "పట్టికలో పుస్తకం పేరు కొట్టేసినట్టే. పుస్తకం అరలోనే ఉంటుంది, ఆ చోటు ఇంకో పుస్తకానికి కావాల్సి వచ్చేదాకా," అంది ఇతి. ఇంకో తూనీగ వెళ్లింది.

తలుపు దగ్గరి బెంచీ మీద కూర్చున్న కుముదిని బెహెరాకి కూతుర్ని చూస్తే గుండె నిండిపోయింది. వెంటనే భయమూ వేసింది. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి మొగుడూ పెళ్లాలు మిల్లు పనికి వచ్చినప్పుడు ఇతి చంకబిడ్డ. పరాయి ఊళ్లో ఎవరూ వేలెత్తి చూపకూడదని కుముదిని బయట వదిలిన చెప్పులు కూడా సరిగ్గా పెట్టి వస్తుంది. బిడ్డ జడ, గోళ్లు, పుస్తకాల అట్టలు రోజూ చూస్తుంది. ఇన్నేళ్లలో తను మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే తెలియనితనం బయటపడుతుందని. అందుకే ఆమె మీద ఎన్నడూ తూనీగ వాలలేదు.

మలయాళంలో ఏ కాగితం వచ్చినా ఇతే చదివి ఒడియాలో చెబుతుంది. కరెంటు బిల్లు, రేషను కబురు, మందుచీటీ. సాయంత్రం పూట గుమ్మంలో కూర్చుని "బొవూ, ఇది విను" అని మొదలుపెడుతుంది. వాళ్ల భాషలో బొవు అంటే అమ్మ. బిల్లు చదవడం అయ్యాక స్కూలు కబుర్లు, వాటి వెనకే నవ్వులు.

ఇప్పుడు ఇతి స్కూలు కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. మలయాళం నోటీసుకి ఫోను చూపిస్తే ఒడియాలో చదివి వినిపిస్తుంది. అది చూసి కోళిక్కోడులో వారం రోజుల శిక్షణకి ఎంపిక చేశారు. తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. తండ్రి త్రినాథ్ ఎగిరి గంతేశాడు. కుముదిని మాత్రం దూరమంది, తిండి పడదంది, వానలంది.

"మన వాయనశాల బిడ్డను కోళిక్కోడు వెళ్లొద్దంటే ఎలా కుముదినీ? అసలు నీ అభ్యంతరం ఏమిటి, సభాముఖంగా చెప్పు," అన్నాడు మాష్.

అందరూ ఆమె వైపు తిరిగారు. కుముదిని కొంగు నలిపింది. వచ్చీరాని మలయాళంలో మాట దానంతటదే బయటికొచ్చేసింది.

"ఆ ఫోనే నాకు అన్నీ చదివి చెబుతుంటే, ఇక నా బిడ్డ నాతో మాట్లాడేదేముంటుంది?"

ఎర్రటి తూనీగ ఒకటి ఆమె భుజం మీద వాలింది.

ఇతి మొహం పాలిపోయింది. "నేను మాట్లాడతాను బొవూ, రోజూ మాట్లాడతాను," అంది. తూనీగ రెక్క కూడా ఆడించలేదు. మాట ఇవ్వడం జవాబు కాదు.

వాయనశాల వాళ్లు ఊరుకునే రకం కాదు. ప్రశ్నను చర్చకు పెట్టారు. యంత్రం మనుషుల్ని విడదీస్తుందని ఒకరు, కలుపుతుందని ఇంకొకరు. తన పెళ్లి సంబంధమే ఫోన్లో కుదిరిందని ఒక కుర్రాడు సాక్ష్యం చెబితే, "అది ఏ పక్షం వాదనరా, మీ ఆవిడ పుట్టింట్లో ఉందిగా!" అంది అమ్మిణి. ఒక సవరణ వచ్చింది, వీగిపోయింది. చివరికి యంత్రం వల్ల తల్లీబిడ్డల మాటలకు ఏ ముప్పూ లేదని చేతులెత్తి తీర్మానించారు. తూనీగ లేచి, మాష్ ఎత్తిన చేతి మీద కాసేపు కూర్చుని, తిరిగి కుముదిని భుజం మీదికే వచ్చింది.

"తీర్మానానికి కట్టుబడటం లేదు," అన్నాడు మాష్ బాధగా.

మర్నాడు కుముదిని మిల్లు ఆవరణలో చెక్క రేకులు ఎండలో పరుస్తుంటే తూనీగ వెంటే ఉంది. బియ్యం కడుగుతుంటే గిన్నె అంచు మీద వాలింది. ఒప్పుకుంటానని చెప్పడానికి రేపటిదాకానే గడువు. ఇతి అన్నం సగంలో లేచిపోయింది.

సాయంత్రం మిల్లు కూలీల గదుల వరస దగ్గర నోటీసు అంటించారు. ఎల్లుండి స్కూల్లో పిల్లలకు ఉచిత వైద్య పరీక్ష. ఇతి సంబరంగా తన సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోను పట్టుకుని ఒడియా వాళ్ల గదులన్నీ తిరిగింది. ఫోను గట్టిగా, స్పష్టంగా చదివింది. మొదటి గది సుమిత్ర తలుపు వేసేసుకుంది. పక్క గది ఆవిడ పిల్లల్ని లోపలికి లాక్కుంది. ఒక ముసలామె, "మేమేం తప్పు చేశాం తల్లీ? మా కాగితాలన్నీ ఉన్నాయి," అని ఏడుపు మొదలుపెట్టింది.

ఇతి తిరిగొచ్చి గుమ్మంలో కూలబడింది. కుముదిని తోటకూర తుంచుతోంది.

"బొవూ," అంది ఇతి. "నా ఫోను ఒక్క మాట తప్పు చెప్పలేదు. అయినా అందరూ భయపడుతున్నారు. ఏం చేయాలో నాకు తెలియడం లేదు. భయపడకుండా ఎలా చెప్పాలి?"

నీలం తూనీగ ఒకటి ఇతి జడ మీద వాలింది. ఊరందరి తూనీగల్నీ పంపించే పిల్లకి అది మొట్టమొదటిది. కుముదిని చేతిలో తోటకూర కాడ ఆగిపోయింది.

"అది పోలీసులు చదివినట్టు చదివింది మరి," అంది మెల్లగా. "గుమ్మంలోకి వచ్చి ఎవరైనా అలా మొదలుపెడతారా? ముందు అక్కా అని పిలవాలి. నువ్వెవరి బిడ్డవో చెప్పాలి. తిన్నారా అని అడగాలి. అప్పుడు కబురు. పిల్లల్ని చూసేది ఆడ డాక్టరమ్మ అని చెప్పు. కాగితాలు అడగరని చెప్పు."

"అడగరని నోటీసులో లేదు కదా?"

"లేకపోతే కనుక్కుని చెప్పు. తెలియనిది మాత్రం చెప్పకు. ఒక్కసారి అబద్ధమైతే మళ్లీ తలుపు తీయరు."

ఇతి వెళ్లి నోటీసు అంటించిన ఆరోగ్య కార్యకర్తను అడిగి వచ్చింది. డాక్టరమ్మే, కాగితాలు అక్కర్లేదు. వచ్చి ఫోను తల్లి ముందు పెట్టింది. "నువ్వే చెప్పు బొవూ. నీ గొంతే పెడతాను."

"నా గొంతా? నవ్వుతారే."

"నవ్వితే మంచిదే కదా. తలుపు తీసే నవ్వుతారు."

కుముదిని కొంగు సర్దుకుంది, ఎవరో ఎదురుగా వచ్చి కూర్చున్నట్టు. "నానీ, తిన్నారా? నేను ఇతి వాళ్ల అమ్మని..." అని మొదలుపెట్టింది. నానీ అంటే వాళ్ల భాషలో అక్క. మధ్యలో ఆగి, "ఇది బాగుందా? ఇంకొంచెం నెమ్మదిగా చెప్పనా?" అని అడిగింది. ఇద్దరూ చీకటి పడేదాకా చెప్పుకున్నారు, మార్చుకున్నారు, నవ్వుకున్నారు. నీలం తూనీగ ఎప్పుడు వెళ్లిందో ఇతి చూడలేదు. ఎర్రది ఎప్పుడు వెళ్లిందో కుముదినీ చూడలేదు. పొయ్యి దగ్గరికి లేచినప్పుడు భుజం తడుముకుంది. ఖాళీగా ఉంది.

"కోళిక్కోడు బస్సు ఎక్కడ ఎక్కాలట?" అని అడిగింది కూతుర్ని.

వైద్య పరీక్ష రోజు స్కూలు వరండా ఒడియా పిల్లలతో నిండిపోయింది. ఆ వారమంతా కుముదిని పని నుంచి వస్తుంటే గది గది నుంచీ ఫోన్లలో తన గొంతే వినిపించింది. ఒక చోట రేషను కబురు, ఒక చోట నీళ్ల ట్యాంకరు సంగతి. అమ్మిణి టీకొట్టులోంచి కేకేసింది: "ఏమే, ఒక్కదానివి ఇన్ని ఇళ్లలో ఎలా కాపురం చేస్తున్నావు?" కుముదిని తల దించుకోలేదు. "ఒక టీ ఇవ్వు చేచ్చీ, గొంతు ఎండిపోతోంది," అంది.

కోళిక్కోడు నుంచి ఇతి ఫోను చేసింది, కుముదిని చేపలు కడుగుతున్న వేళ. వెనకాల బోలెడంత మంది పిల్లల గోల.

"బొవూ, ఇక్కడ సార్లకి కూడా తెలియడం లేదు. అస్సామీ వాళ్లకీ బెంగాలీ వాళ్లకీ ఇలా గొంతులు పెట్టాలంటే వాళ్ల అమ్మల్ని ఎలా ఒప్పించాలని అడుగుతున్నారు. గది నిండా తూనీగలే. తొందరగా చెప్పు."

"తొందరేమిటి? ఉండమను," అంది కుముదిని. "చేతులు కడుక్కుని వస్తాను."