ఎనిమిదో నెల క్లాసు

సువార్తమ్మ చీరాల నుంచి సిడ్నీ వచ్చింది కూతురి కాన్పు చూసుకోవడానికి. అల్లుడు కాన్పు నేర్చుకుంటుంటే చూడ్డానికి కాదు. ఆ మాట వాళ్ళుండే బ్లాక్‌టౌన్ పేటలో కనబడిన ప్రతి తెలుగు మనిషికీ చెప్పింది కూడా.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఎల్సా రాలేనంది గనక పుట్టిల్లే విమానమెక్కి వచ్చింది. లేబర్ రూంలో తోడు ఒక్కరినే ఉండనిస్తారని తెలిసినా ఆవిడ కంగారు పడలేదు. ఆ ఒక్కరూ తల్లి కాక ఇంకెవరు? అందులోనూ నలుగురిని కన్న తల్లి!

చిక్కంతా క్లాసుల దగ్గరొచ్చింది. ప్రసవం క్లాసులు ఏడో నెలలో మొదలుపెట్టి, తొమ్మిదో నెల వచ్చేలోపు ముగించాలనీ, పేరు మాత్రం బాగా ముందే రాయించుకోవాలనీ ఆస్పత్రిలో కాన్పులు చేసే మిడ్‌వైఫ్ జిల్ చెప్పింది. కానీ ఐదో నెల దాటేదాకా కడుపు సంగతి బయట పొక్కనివ్వొద్దని సువార్తమ్మ ఫోన్లో కూతురి దగ్గర మాట తీసుకుంది. పేరు రాయిస్తే పదిమందికీ తెలుస్తుందని ఎల్సా ఊరుకుంది. తీరా వెళ్ళేసరికి ఏడో నెల బ్యాచ్ నిండిపోయింది. దొరికింది ఎనిమిదో నెలలో మొదలయ్యేది.

“ఎనిమిదో నెలలోనా? ససేమిరా వీల్లేదు” అంది సువార్తమ్మ. “సరి నెలలో కడుపుతో ఉన్న పిల్ల కొత్త పనికి గడప దాటకూడదు.”

“బైబిల్లో ఎక్కడుందమ్మా అది?”

“ఆవకాయలో ఉప్పెంతో కూడా బైబిల్లో లేదు. వెయ్యడం మానేశామా?”

ఎల్సా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “నాలుగు కాన్పులూ చచ్చి బతికినట్టు చిన్నప్పట్నుంచీ చెప్పింది నువ్వే కదా! నాకు భయమేస్తోంది. ఏం చెయ్యాలో కాస్త తెలిస్తే బావుండును.”

అప్పుడు మరియదాసు గొంతు సవరించుకున్నాడు. రైల్వే స్టేషన్లో ఉద్యోగం, ఇంట్లో పెద్దగా నోరు విప్పని అల్లుడు. “అత్తయ్య గారూ, గడప దాటకూడనిది కడుపుతో ఉన్నవాళ్ళే కదండీ? మరి నేను వెళ్ళొచ్చా?”

ఇలాంటి ప్రశ్న ఆచారం పెట్టినవాళ్ళని ఎవరూ అడిగి ఉండరు.

అలా వెళ్ళాడు మహానుభావుడు, క్లాసుకి తెమ్మన్న దిండు చంకలో పెట్టుకుని, జంటల మధ్యకి ఒంటరిగా. “మీ వైఫ్ ఏదీ అని అందరూ నవ్వారండీ. ఫస్ట్ వీకే లెండి, ఇప్పుడు నవ్వట్లేదు” అన్నాడు రెండో వారం తిరిగొచ్చి. ప్రతి క్లాసూ అయ్యాక హాల్లో కార్పెట్ మీద కూర్చుని భార్యకి అప్పజెప్పేవాడు. నొప్పి ఎక్కేటప్పుడు ఊపిరెలా వదలాలో, నడుం మీద అరచేత్తో ఎక్కడ నొక్కాలో.

“మీ మావగారు నాలుగు కాన్పులకీ వీధి అరుగు మీంచి కదల్లేదు బాబూ” అనేది సువార్తమ్మ, వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ. పరువు పోతున్నట్టుండేది ఆవిడకి.

తొమ్మిదో నెల సగంలో, మధ్యాహ్నం భోజనాల వేళ నొప్పులొచ్చాయి. సువార్తమ్మ ఎంగిలి చేత్తోనే కూతుర్ని పట్టుకుని “ప్రభువా, నా బిడ్డ! నా బిడ్డని కాపాడయ్యా!” అని గొల్లుమంది. ఆ కేకలకి ఎల్సా కొయ్యబారిపోయింది. ఊపిరి కూడా బిగబట్టేసింది.

మరియదాసు వెనక కూర్చుని భార్య నడుం మీద అరచెయ్యి ఆనించాడు. “ఎల్సా, భుజాలు వదిలెయ్. రిలాక్స్. మెల్లగా ఊదు... ఇంకోసారి.”

పిల్ల భుజాలు దిగాయి. ఊపిరి ఆడింది. సువార్తమ్మ కళ్ళారా చూసింది. చూసి నోరు మూసుకుంది.

ఆస్పత్రిలో సిస్టర్, లోపలికి ఎవరొస్తారని అడిగింది. ఎల్సా అమ్మ వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, తల దించుకుంది. సువార్తమ్మ సముద్రాలు దాటొచ్చింది ఆ తలుపు దాటడానికే. ప్రాణం ఉసూరుమంది. అయినా మోసుకొచ్చిన దిండు అల్లుడి చేతికిచ్చింది.

“మీరెళ్ళండి బాబూ. నేనెళితే ఏడుస్తాను. నన్ను చూసి అదీ ఏడుస్తుంది.”

చర్చిలో పరిచయమైన జ్ఞానప్రసూన కాఫీ ఫ్లాస్కుతో వచ్చేసరికి ఆవిడ వరండాలో ఒక్కతే కూర్చుని ఉంది.

“అదేంటి అక్కయ్యగారూ, మీరు బయటున్నారు? లోపలెవరు?”

“మా అల్లుడు.”

“మగాడా! అక్కడ ఏం చేస్తాడండీ?”

“ఏం చేస్తాడంటావేంటమ్మా? నేర్చుకున్నాడు!” సువార్తమ్మ నిటారుగా కూర్చుంది. “నలుగురిని కన్నాను, నాకే తెలీదు ఆయనకి తెలిసినంత. మీ కోడలికి నాలుగో నెల అన్నావుగా? దాచింది చాలు, ఇప్పుడే పేరు రాయించెయ్. ఏడో నెల రాగానే ఇద్దర్నీ పంపించు.”

“మావాడు వెళ్తాడంటారా?”

“మావాడు ఒక్కడే వెళ్ళాడు!”

పొద్దువాలక ముందే లోపల పసిబిడ్డ కేర్‌మంది. కాసేపటికి తలుపు తీసుకుని మరియదాసు వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, మొహమంతా నవ్వే. కుడిచేతి మీద ఎల్సా గోళ్ళు దిగిన చోటల్లా ఎర్రగా కమిలి ఉంది. సువార్తమ్మకి అర్థమైంది. నొప్పి వచ్చినప్పుడల్లా పిల్ల ఆ చేతినే పట్టుకుంది, అతను ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదు.

ఎన్నడూ అల్లుణ్ణి తాకి ఎరగని మనిషి, గబుక్కున ఆ చెయ్యి అందుకుని జ్ఞానప్రసూన ముందు చాపింది.

“చూడమ్మా, చూడు. మా అల్లుడి చెయ్యి!”

ఆడపిల్లో మగపిల్లాడో అడగడం అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి.